ఇల్లు అమ్మేముందు

ఈ శీర్షికలో మనం నమాజు, రోజా, జకాతుల గురించి తరచుగా ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈ నెల ఒక అమ్మకం గురించి రాస్తున్నాను. అది మా సొంత ఇంటి అమ్మకమే. ధర్మశాస్త్ర గ్రంథాలలో ఆరాధనలను ఇబాదాత్ అనీ, కొనడం, అమ్మడం, అద్దె, అప్పు వంటి వ్యవహారాలను ముఆమలాత్ అనీ అంటారు. మద్రసాలో ఈ రెండింటినీ బోధిస్తాం. ఆరాధనలలో మనకు రోజుకు ఐదుసార్లు పరీక్ష జరుగుతుంది. వ్యవహారాలలో పరీక్ష మాత్రం ఏ పదేళ్ళకో ఒకసారి, మనం సిద్ధంగా లేని సమయంలో వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నాకు ఆ పరీక్ష ఎలా వచ్చిందో, అందులో నేను ఎక్కడెక్కడ తడబడ్డానో పాఠకులతో పంచుకోవడం మేలని తోచింది.

కర్నూలు పాతపట్టణంలో మా వీధి మొదట్లో మా అబ్బాజాన్ కట్టించిన చిన్న ఇల్లు ఒకటుండేది. మూడు గదులు, ముందు ఒక అరుగు, వెనుక కాస్త పెరడు. మేముండే ఇంటికి అది నాలుగిళ్ళ అవతల. అబ్బాజాన్ దానిని అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే మమ్మల్ని చదివించారు. ఆయన కాలం చేసి ఏడేళ్ళయింది. అమ్మీ అంతకు ముందే వెళ్ళిపోయారు. అబ్బాజాన్ తరువాత ఐదేళ్ళు ఆ ఇంట్లో ఒకే కుటుంబం అద్దెకుంది. వారు కొత్త కాలనీకి తరలిపోయాక మళ్ళీ ఎవరూ రాలేదు. ఇప్పటి వారికి బండి నిలుపుకోవడానికి చోటు కావాలి, గదికి ఆనుకుని స్నానాలగది కావాలి. మా ఇంట్లో ఆ రెండూ లేవు. అలా రెండేళ్ళు అది ఖాళీగా ఉండిపోయింది.

ఖాళీ ఇంటికి గాలి తగలకపోతే చెదలు పడుతుంది. కనుక రోజూ అసర్ నమాజు తరువాత వెళ్ళి తలుపులు తెరిచి, మగ్‌రిబ్ వరకు ఆ అరుగు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు నాకు తెలియకుండానే ఒక మేలు చేసింది.

అరుగు మీద తెలిసిన వీధి

పుట్టి పెరిగిన వీధే అయినా నాకది సరిగా తెలియదని ఆ అరుగు మీదనే గ్రహించాను. ఫజ్ర్ తరువాత మద్రసాకు వెళ్ళి, ఇషా తరువాత ఇంటికి చేరేవాణ్ణి. వీధి నాకు నడిచే దారి మాత్రమే. అరుగు మీద కూర్చున్నాక ఆ దారికి ఇరువైపులా మనుషులు కనిపించసాగారు.

మధ్యాహ్నపు ఎండలో ఆకుకూరలమ్మే అవ్వ తన గంపను ఆ అరుగు మీదనే దించుకునేది. మా ఇల్లు ఖాళీ అయినప్పటి నుంచి ఆమెకు అదే నీడ. ఉద్యోగ విరమణ చేసిన పోస్టుమాన్ ఒకరు సాయంత్రం అక్కడే పత్రిక చదివేవారు. పిల్లలకు ఆ గోడే వికెట్లు. మూలింటి ఖాలా ఎండు మిరపకాయలు మా మిద్దె మీద ఆరబోసుకునేవారు. మొదట్లో నన్ను చూసి బెదిరి, "తీసేయమంటారా?" అని అడిగారు. "ఉండనివ్వండి ఖాలా, మిద్దెకు కాస్త కాపలా" అన్నాను. మరునాడు ఒక గిన్నెలో మిరపకాయల పచ్చడి వచ్చింది.

రమజాన్‌లో మా ఇంటి నుంచి ఇఫ్తారు పళ్ళెం ఎదురింటికి వెళుతుంది. ఉగాదికి వారింటి నుంచి పచ్చడీ, ఓళిగలూ మాకు వస్తాయి. వచ్చిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మా వీధి మర్యాద. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి పంపుతారు. ఈ మర్యాదను ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళు మాత్రం దానిని తప్పనివ్వరు. కూర వండితే కాస్త నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు చేసిన ఉపదేశం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఆ హదీసును నేను తరగతిలో ఎన్నోసార్లు చదివించాను. అది ఒక వీధి వీధంతా ఎలా అమలవుతుందో ఆ అరుగు మీదనే చూశాను.

విశాలమైన ఇల్లు, మంచి పొరుగు మనిషి సౌభాగ్యంలోనివని దైవప్రవక్త (స) తెలిపారు. మా ఇల్లు విశాలం కాదు. రెండవ సౌభాగ్యం మాత్రం ఇన్నాళ్ళూ నా ఎదుటనే ఉంది, నేను తలెత్తి చూడలేదు.

ఒక విద్యార్థి ప్రశ్న

ఇల్లు పాతబడింది. పైకప్పు కారుతోంది. బాగు చేయించే స్తోమత నా జీతానికి లేదు. అమ్మడమే మేలని నిశ్చయించుకున్నాను. ఆ రోజుల్లోనే తరగతిలో వారసత్వ శాస్త్రానికి చెందిన సిరాజీ గ్రంథం చెబుతున్నాను. కుమారునికి ఇద్దరు కుమార్తెలంత వాటా అనే నియమాన్ని వివరిస్తుంటే ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, ఆస్తిని పంచుకోకుండా ఒక వారసుడే దాని అద్దె తీసుకుంటూ ఉంటే, ఆ అద్దె ఎవరికి చెందుతుంది?" అని అడిగాడు.

"వాటాల ప్రకారం వారసులందరికీ చెందుతుంది" అని వెంటనే జవాబు చెప్పాను. జవాబు సరైనదే. పుస్తకం మూసి ఇంటికి నడుస్తుండగా ఆ జవాబు నన్నే నిలదీసింది.

అబ్బాజాన్‌కు మేము ముగ్గురం సంతానం. నంద్యాలలో ఆపా, ఆదోనిలో చెల్లి, ఇక్కడ నేను. ఆ ఇంట్లో సగం నాది, మిగిలిన సగం వారిద్దరిది, తలా నాలుగో వంతు. ఐదేళ్ళు అద్దె తీసుకున్నది మాత్రం నేనొక్కణ్ణే. వారు అడగలేదు, నేను చెప్పలేదు. ప్రతి ఈదుకూ బట్టలు పెడుతున్నాను కదా, పిల్లలకు ఈదీ ఇస్తున్నాను కదా అని లోలోపల సర్దిచెప్పుకున్నాను. కానుక వేరు, హక్కు వేరు. ఒకరి హక్కును మన దగ్గరే ఉంచుకుని, అందులోంచి కొంత తీసి వారికే కానుకగా ఇవ్వడం ఔదార్యం అనిపించుకోదు.

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిపోయిన దానిలో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉందని, అది కొంచెమైనా ఎక్కువైనా నిర్ణీతమైన వాటాయేనని అన్‌నిసా సూరా 7వ ఆయతు ప్రకటిస్తోంది. కొంచెమైనా అన్న మాటను గమనించండి. చిన్న ఇల్లు కదా, చిన్న అద్దె కదా అనే సాకుకు అక్కడ తావులేదు.

ఆ రాత్రి లెక్క వేశాను. నెలకు నాలుగు వేల చొప్పున 60 నెలలకు 2,40,000 రూపాయలు. ఇంటి పన్ను, నీటి పన్ను, మరమ్మతులు కలిసి 80,000. మిగిలింది 1,60,000. చెల్లెలికి, ఆపాకు తలా 40,000 నేను బాకీ ఉన్నాను. ఒక్క కాగితం మీద పది నిమిషాలలో తేలిన ఈ లెక్కను ఏడేళ్ళు వేయకుండా ఉండిపోయాను. మరో మాట కూడా చెప్పాలి. ఇల్లు అమ్మదలచిన సంగతి విన్న ఒక పెద్దమనిషి నాతో, "ఆడపిల్లల చేత ముందే రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టించుకో. తలా ఒక చీర, ఒక మిఠాయి డబ్బా తీసుకెళ్ళు, కాదనరు" అన్నారు. కాదనరన్న సంగతి నాకూ తెలుసు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనన్న భయంతో మన ఇళ్ళలో ఎందరో ఆడపడుచులు అలా సంతకాలు పెట్టారు. మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒకరి సొమ్ము మరొకరికి ధర్మసమ్మతం కాదని హదీసులో స్పష్టంగా ఉంది. భయంతో పెట్టిన సంతకంలో మనస్ఫూర్తి ఎక్కడుంటుంది?

ఇద్దరికీ ఫోను చేసి లెక్క చదివి వినిపించాను. చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "భాయీజాన్, ఇంతకాలం ఇది నేను అడగాలా వద్దా అని ఆయనా నేనూ ఎన్నిసార్లు అనుకున్నామో!" అంది. ఆ ఒక్క మాట విని నేను సిగ్గుతో తల వంచుకున్నాను. అడగనివారికి అవసరం లేదని మనం అనుకుంటాం. అడగలేక ఊరుకున్నవారి సంగతి మనకు తట్టదు.

గోడ మీది గీత

ఇల్లు అమ్మకానికి పెట్టగానే బ్రోకరు ఒక వ్యాపారిని తీసుకొచ్చాడు. ఆయనది వేరే ఊరు. ప్లాస్టిక్ సామాను నిల్వ చేయడానికి గోదాము కావాలి. ఇల్లు చూసి, 30 లక్షలు ఇస్తానన్నారు. మేము అనుకున్న దానికంటే అది ఎక్కువే.

లోపలి గదిలో గోడ మీద తలకంటే ఎత్తున ఒక నల్లని గీత ఉంది. దాని పక్కన అబ్బాజాన్ చేతిరాతతో ఉర్దూలో ఒక తేదీ: 2009 అక్టోబరు 2. కర్నూలు వారికి ఆ తేదీ గురించి చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ రెండు నదులూ ఒక్కసారిగా పొంగి పాతపట్టణాన్ని ముంచెత్తిన రోజది. నీళ్ళు తీశాక ఇల్లంతా కడిగి సున్నం వేయించినా, ఆ ఒక్క గదిలో నీరు నిలిచిన జాడను అబ్బాజాన్ అలాగే ఉంచారు. ఆపైన దాని మీద బొగ్గుతో గీత గీసి, అద్దెకు వచ్చిన ప్రతివారికీ చూపించి, ఆ తరువాతే అడ్వాన్సు తీసుకునేవారు.

"ముందు ఆ గదికి రంగు వేయించండి. చూపించి మరీ ధర తగ్గించుకుంటారా ఎవరైనా?" అన్నాడు బ్రోకరు. అతను చెడ్డవాడు కాడు. అందరూ చేసే పనే చెప్పాడు.

దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్ళకు తడి తగిలింది. అడిగితే, వానకు తడిసిందని చెప్పాడు ఆ వ్యాపారి. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైననే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు నావాడు కాడని హెచ్చరించారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసును మనమందరం విన్నాం. వాన కురవడం ఆ వ్యాపారి తప్పు కాదు. వరద రావడం మా తప్పూ కాదు. తడిని అడుగున దాచడమే తప్పు. మా ఇంట్లోనైతే తడి అక్షరాలా గోడలోనే ఉంది.

ఆ వ్యాపారిని గదిలోకి తీసుకెళ్ళి గీత చూపించాను. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో, ఎన్నాళ్ళు నిలిచాయో, ఏ గోడ అప్పటి నుంచి చెమ్మ పీలుస్తోందో చెప్పాను. ఆయన కాసేపు గోడను తట్టి చూసి, మూడు రోజుల తరువాత కబురు చేశారు. 28 లక్షలైతే తీసుకుంటానన్నారు. నిజం చెప్పినందుకు రెండు లక్షలు తగ్గాయి.

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. ఆ రెండు లక్షలలో సగం తోబుట్టువులది. వారిని అడగకుండా నిజం చెప్పి నేను వారికి నష్టం చేశానా? ఆలోచించగా జవాబు తేలికగానే దొరికింది. దాచడం వల్ల మాత్రమే వచ్చే సొమ్ము ఏ వారసునికీ వాటా కాదు. అది మొదటి నుంచీ మా ఆస్తిలో లేదు. కొనేవాడు, అమ్మేవాడు నిజం పలికి లోపాన్ని విప్పి చెప్పుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

గోడ అవతలి మనిషి

బేరం దాదాపు కుదిరిందనుకుంటున్న సాయంత్రం, గోడ అవతలి ఇంటి సోదరుడు అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఆయనకు సైకిలు షాపు ఉంది. తల్లి, తానూ తమ్ముడూ, ఇద్దరి భార్యలూ, ముగ్గురు పిల్లలూ కలిసి ఎనిమిది మంది రెండు గదుల్లో ఉంటారు. 2009 వరదలో మా ఇంట్లో అద్దెకున్న కుటుంబాన్ని, వారి పసిబిడ్డతో సహా, గోడ మీదుగా తమ మిద్దె పైకి లాగింది ఆయనా, ఆయన తండ్రీ. ఆ రాత్రి రెండు కుటుంబాలూ ఆ మిద్దె మీదే గడిపాయి.

"అన్నా, ఇల్లు అమ్ముతున్నారంట. ఊళ్ళో మెట్టభూమి అమ్మాము. మాకిస్తారేమోనని అడుగుదామని వచ్చినా. 26 వరకు తేగలం. అందులో నాలుగు లక్షలకు ఏడాది గడువు కావాల. పెద్ద బేరం వచ్చుంటే మాత్రం నేను అడగలేదనుకోండి" అన్నాడు.

ఆ మాట వింటుంటే బుఖారీ గ్రంథంలోని షుఫ్ఆ ప్రకరణం కళ్ళముందు మెదిలింది. దైవప్రవక్త (స) వద్ద బానిసగా ఉండి విముక్తి పొందిన హజ్రత్ అబూ రాఫె (రజి), హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఇంటి ఆవరణలో ఉన్న తన రెండు గదులను కొనుక్కోమని ఆయనను అడిగారు. సఅద్ (రజి) మొదట ఒప్పుకోలేదు. ఆపైన నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వలేనని, అవి కూడా వాయిదాలలోనే ఇస్తానని అన్నారు. అబూ రాఫె (రజి)కి అప్పటికే బయట 500 దీనార్ల బేరం వచ్చి ఉంది. అది అంతకంటే చాలా ఎక్కువ. అయినా, దగ్గరితనం వల్ల పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (స) నోట విని ఉండకపోతే ఈ ధరకు ఇచ్చేవాణ్ణి కానని చెప్పి, ఆ గదులను సఅద్ (రజి)కే ఇచ్చేశారు.

హనఫీ ధర్మశాస్త్రంలో ఈ హక్కుకు వరుస ఉంది. మొదట ఆస్తిలో భాగస్వామి, తరువాత దారి, నీరు వంటి వాటిలో భాగస్వామి, ఆ తరువాత గోడ ఆనుకున్న పొరుగువాడు. తక్కిన మూడు మజ్‌హబ్‌లూ దీనిని ఆస్తిలో భాగస్వామికే పరిమితం చేశాయి. మన దేశంలో పొరుగు కారణంగా మాత్రమే కోర్టులో ఈ హక్కు కోరడం కుదరదని సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పింది. కనుక చట్టరీత్యా ఆయన నన్ను బలవంతపెట్టలేడు. అయితే చట్టం బలవంతపెట్టని చోటనే మన దీన్ మనల్ని పలకరిస్తుంది.

మసీదులో ఒక మిత్రుడు, "పొరుగువాడు మనవాడైతే సరే, అతను ముస్లిం కాడు కదా!" అన్నారు. హిదాయా గ్రంథం తెరిచి చూపించాను. షుఫ్ఆ హక్కులో ముస్లిం, ముస్లిమేతర పౌరుడు సమానులని అందులో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన పదేపదే అడిగారు. జిబ్రీల్ (అ) పొరుగువారి గురించి ఎంతగా తాకీదు చేశారంటే, వారిని వారసులుగా కూడా చేస్తారేమోనని తనకు అనిపించిందని దైవప్రవక్త (స) చెప్పిన హదీసును ఆ సందర్భంలోనే ఆయన వినిపించారు. ఆ మిత్రుడు పుస్తకం నుంచి తలెత్తి, "ఇది నాకు తెలియదు" అన్నారు. అంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఎవరి సొమ్ముతో ఔదార్యం?

ఇంతవరకు బాగానే ఉంది. వెళ్ళి పొరుగు సోదరుడికి మాట ఇచ్చేయబోయాను. గడప దాటుతుండగా కాళ్ళు ఆగాయి.

అబూ రాఫె (రజి) తన గదులను తాను తక్కువకు ఇచ్చారు. నేను ఇవ్వబోతున్న ఇంట్లో సగమే నాది. 28 లక్షల బేరం చేతిలో ఉండగా 26కు ఇస్తే, తోబుట్టువులకు తలా యాభై వేలు తగ్గుతుంది. పొరుగువాని హక్కు నెరవేర్చిన పుణ్యం, మంచివాడన్న పేరు నాకు. దాని ఖర్చు మాత్రం నంద్యాలలో ఒకరికి, ఆదోనిలో ఒకరికి. అద్దె విషయంలో చేసిన తప్పునే ఈసారి ధర్మం పేరుతో మళ్ళీ చేయబోయాను.

అప్పుడు నాకొక సూత్రం స్పష్టమైంది. నిజం చెప్పడం వల్ల తగ్గిన ధర అందరి వాటాలోనూ తగ్గుతుంది. దయ చూపడం వల్ల తగ్గిన ధర, దయ చూపదలచినవాని వాటాలో మాత్రమే తగ్గాలి.

మళ్ళీ ఇద్దరికీ ఫోను చేశాను. రెండు బేరాలూ చెప్పాను. భాగస్వాములు కనుక ముందు హక్కు వారిదేనని, ఇల్లు తామే ఉంచుకోదలిస్తే చెప్పమని అడిగాను. ఇద్దరూ వద్దన్నారు. "పొరుగాయనకు ఇద్దామని నా మనసు. అలా ఇస్తే మీ ఇద్దరికీ 28 లెక్కన ఏడేసి లక్షలు ముందు ఇచ్చేస్తాను. తక్కువైనది నా వాటాలోంచి పోతుంది. మీరు ఒప్పుకుంటేనే" అన్నాను.

ఆపా నవ్వి, "వరద రోజు ఆ మిద్దె మీద మన బాడుగ ఇంటి బిడ్డకు పాలు కాచి పోసింది ఆయన తల్లి. ఆ పుణ్యంలో నాకూ కాస్త భాగం ఉండనీ నాయనా. నాకు ఆరున్నర చాలు. అద్దె బాకీ కూడా వద్దు" అంది. రిలీజ్ డీడ్ ముందు పెట్టి అడిగి ఉంటే ఇదే మాటకు ఏ విలువా ఉండేది కాదు. లెక్క అంతా తెలిసి, తన హక్కు తన చేతిలో ఉండగా చెప్పిన మాట కనుక దానిని కళ్ళకద్దుకుని స్వీకరించాను.

చెల్లి, "భాయీజాన్, మావారి వైద్యానికి అప్పు చేశాం. నేను ఏడూ తీసుకుంటాను, అద్దె నలభై వేలూ తీసుకుంటాను. తప్పుగా అనుకోవద్దు" అంది. తప్పేముంది? తన హక్కు తాను తీసుకోవడం ఆపా త్యాగం కంటే ఏమాత్రం తక్కువ కాదు. ఈ మాట మన కుటుంబాలలో గట్టిగా చెప్పుకోవలసి ఉంది. వాటా వదులుకున్న ఆడపడుచును పొగడి, తీసుకున్నదానిని ఆశపోతు అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. అల్లాహ్ ఇచ్చిన వాటాను తీసుకున్నందుకు ఒకరిని నిందించడం ఎవరి మీద నిందో ఒకసారి ఆలోచించండి.

ఆ విధంగా 26 లక్షలలో చెల్లికి ఏడు, ఆపాకు ఆరున్నర, నాకు పన్నెండున్నర. గడువు అడిగిన నాలుగు లక్షలూ నా వాటాలోనివే. తోబుట్టువులకు రిజిస్ట్రేషన్ రోజునే పూర్తిగా ముట్టాయి.

రాత, సాక్ష్యం

గడువు ఉన్న బాకీని రాసుకోమని, అమ్మకాలకు సాక్షులను పెట్టుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు ఇదే. "మనలో మనకు కాగితాలెందుకు అన్నా?" అన్నాడు పొరుగు సోదరుడు. మనలో మనం ఇలాగే ఉండాలంటే కాగితం కావాలని చెప్పాను. ఏడాది గడువు, నాలుగు లక్షలు, ఆలస్యమైనా రూపాయి ఎక్కువ తీసుకోరాదు అని రాసుకుని ఇద్దరమూ సంతకాలు చేశాం. పోస్టుమాన్ గారు ఒక సాక్షి, మూలింటి ఖాలా కుమారుడు మరొక సాక్షి. దస్తావేజులో తక్కువ ధర చూపితే స్టాంపు ఖర్చు కలిసివస్తుందని రాతగాడు సలహా ఇచ్చాడు. గోడ మీద గీత చూపించినవాళ్ళం కాగితం మీద అంకె దాచలేమని ఇద్దరమూ ఒక్కమాటగా చెప్పాం.

అద్దె కోసం ఉంచుకున్న ఇంటి విలువ మీద జకాత్ లేదు. అద్దెలో మిగిలి నిలవ ఉన్న సొమ్ము మీదనే ఉంటుంది. ఇల్లు సొమ్ముగా మారాక, అది నిసాబ్‌కు తగ్గకుండా ఏడాది నిలిస్తే జకాత్ చెల్లించాలి. ఇల్లు అమ్మిన సొమ్మును తిరిగి అటువంటి ఆస్తిలోనే పెట్టకపోతే అందులో బర్కత్ ఉండదన్న హితవు ఇబ్నె మాజాలో ఉంది. నా వాటాతో మేముంటున్న ఇంటి మీద ఒక గది వేయిస్తున్నాను. ఈసారి నీళ్ళు వస్తే పొరుగువారిని పిలవడానికి మాకూ ఒక ఎత్తైన చోటు ఉంటుంది.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లోనూ పంచుకోని ఇల్లో, పొలమో ఉండవచ్చు. అమ్మేదాకా ఆగవద్దు. ఈ వారమే ఒక కాగితం తీసుకుని ఎవరి వాటా ఎంతో, ఎవరు ఎంత తీసుకున్నారో రాయండి. తోబుట్టువులు అడిగేవరకు చూడకుండా మీరే చదివి వినిపించండి. అమ్మేటప్పుడు లోపాన్ని ముందుగా చూపించండి. బయటివారికి మాట ఇచ్చేముందు గోడ అవతలి ఇంటి తలుపు ఒకసారి తట్టండి. ఇల్లు కొనేముందు పొరుగును చూడమని అరబ్బులు అంటారు. ఇల్లు అమ్మేవాడు కూడా, తన తరువాత ఆ వీధికి ఎటువంటి పొరుగును ఇచ్చి వెళుతున్నాడో చూసుకోవాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో రెండు దీపాలు వెలుగుతున్నాయి. మధ్య గోడకు ఒక తలుపు పెట్టారు. లోపలి గదికి రంగు వేయించారు గానీ, అబ్బాజాన్ గీసిన గీతనూ తేదీనీ మాత్రం చెరపకుండా చుట్టూ వదిలేశారు. అసర్ తరువాత నేను ఇప్పటికీ ఆ అరుగు మీదే కూర్చుంటున్నాను. ఇప్పుడది నాది కాదు కనుక మొదటి రోజు అనుమతి అడిగాను. సైకిలు షాపు సోదరుడి తల్లి లోపలి నుంచే, "కూచో నాయనా, అవ్వ గంప కాస్త పక్కకు జరుపు" అంది.

తోబుట్టువుల వాటాను, పొరుగువాని హక్కును, బేరంలో నిజాన్ని కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! తెలిసీ తెలియక మన దగ్గర ఉండిపోయిన ఇతరుల హక్కులను ఈ లోకంలోనే తీర్చివేసే శక్తిని ఇచ్చుగాక! ఆమీన్.